చేతులకూ చదువు కావాలి

పండగ ముందురోజు. గారెల కోసం నానబోసిన మినప్పప్పు మిక్సీలో వేసి తిప్పుతుంటే అది గుర్రుమని మూలిగి ఠక్కున ఆగిపోయింది. స్విచ్చి వేసి తీశాను, ప్లగ్గు పీకి పెట్టాను, లాభం లేదు. సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయి పక్కనే ఉంది. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది. “కాస్త చూడవే” అన్నాను. “అమ్మా, మాది కంప్యూటర్స్. ఇది ఎలక్ట్రికల్ వాళ్ల పని” అనేసింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేద్దామనుకుంటుంటే కింది వాటాలోని పిన్నిగారు పైకొచ్చారు. ప్లగ్గు తీసి, మిక్సీని బోర్లించి, అడుగున ఉన్న చిన్న ఎర్ర బటన్ నొక్కారు. “పప్పు మరీ ఎక్కువేశావు. మోటారు కాలిపోకుండా ఇది తనంతట తానే ఆపేస్తుంది. సగం తీసేసి, కాసేపాగి వెయ్యి” అన్నారు. మిక్సీ తిరిగింది. పిన్నిగారు చదివింది ఎనిమిదో తరగతి.

అందరం నవ్వుకున్నాం. మా అమ్మాయి కూడా నవ్వింది. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే పాత సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. అది ఆరో తరగతిలో ఉన్నప్పుడు పాడైపోయిన గోడ గడియారం విప్పి, పళ్ల చక్రాలన్నీ చాప మీద వరసగా పేర్చుకుని కూర్చుంది. నేను చూసి కేకలేశాను. “ఆడపిల్లవి, స్క్రూడ్రైవర్‌తో నీకేం పని? వెళ్లి లెక్కలు చేసుకో!” అన్నాను. గడియారం ముక్కలన్నీ చెత్తబుట్టలో పారేశాను. అదే పని వాళ్ల అన్నయ్య చేసిన రోజున, “వీడు పెద్దయ్యాక ఇంజనీరవుతాడు” అని పక్కింటివాళ్లకు చెప్పుకుని మురిసిపోయింది కూడా నేనే.

మరి ఈ రోజున మిక్సీ ముందు చేతులు కట్టుకు నిలబడిందని ఆ పిల్లని ఎలా తప్పుపట్టను? ఆ చేతులు కట్టేసింది నేనే కదా!

మన రాష్ట్రాలు రెండింట్లోనూ ఇంజనీరింగు కాలేజీలకు కొదవ లేదు. ఇంటికొక ఇంజనీరు ఉన్నారన్నా అతిశయోక్తి కాదు. అయితే ఇంజనీరు కావడానికి మనం వేసిన దారి ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించండి. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లో ఇంజనీరింగు పరీక్షకు 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. సమయం మూడు గంటలు. భాగించి చూస్తే ఒక్కో ప్రశ్నకు దక్కేది 67 సెకన్లు, మహా అయితే మరో అర సెకను. ఆ 67 సెకన్ల పరుగు కోసం ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ అంటూ పిల్లల్ని తయారు చేస్తున్నాం. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ముందే ఇచ్చేస్తారు. వాటిలో ఒకటి ఎంచుకుంటే సరి.

పోటీ పరీక్షలు వద్దనడం లేదు. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అయిన చోట ఏదో ఒక జల్లెడ తప్పదు. కానీ బతుకులో ఎదురయ్యే సమస్యకు నాలుగు జవాబులు ఎవరూ రాసి ఇవ్వరు. అసలు సమస్య ఏమిటో కూడా మనమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాటకు ఎంత ఓపిక కావాలో తెలియాలంటే మన ఆలేరు దగ్గరి శారాజీపేటకు వెళ్లాలి.

చింతకింది మల్లేశం ఆ ఊరి చేనేత కుటుంబంలో పుట్టారు. ఆరో తరగతితోనే చదువు ఆగిపోయింది. పోచంపల్లి చీరల గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే ఆ చీర మగ్గమెక్కే ముందు ‘ఆసు పోయడం’ అనే పని ఒకటుందని కట్టుకునేవాళ్లలో ఎంతమందికి తెలుసు? రంగులు అద్దడానికి ముందు నూలును వరసగా గుచ్చిన మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. ఇది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్ల పని. మల్లేశం తల్లి లక్ష్మి ఆ పని చేసీ చేసీ భుజాలు పట్టేసి, చెయ్యెత్తలేక బాధపడేవారు. అది చూడలేకపోయిన కొడుకు 1992లో ఆసు పోసే యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు.

యంత్రం పూర్తయింది 1999లో. అంటే ఒక్క సమస్యకు ఏడేళ్లు! మధ్యలో డబ్బులయిపోయాయి. ఊళ్లో వాళ్లు నవ్వారు. బతుకుదెరువుకు హైదరాబాదు వెళ్లి కరెంటు పనులు చేసుకున్నారు. చివరి చిక్కుముడి ఎంతకీ విడిపోని రోజుల్లో బాలానగర్‌లో ఒక కార్ఖానాలోని యంత్రం కదలిక చూసి, తనకు కావలసింది అదేనని పసిగట్టారు. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక నాలుగైదు గంటల పని గంటన్నరలో అవుతోంది, భుజం నొప్పి లేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

ఈ కథ చెబుతుంటే “ఆయన పుట్టుకతోనే అంతటివాడు, అందరికీ వస్తుందా?” అంటారు కొందరు. కానీ ఆయన చేసిన పనుల్ని ఒక్కొక్కటిగా చూడండి. తల్లి పడే బాధ గమనించారు. చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతోందో చూశారు. ఆ కదలికను భాగాలుగా విడదీశారు. ఒక్కో భాగానికీ ఒక ఉపాయం కట్టారు. పనిచెయ్యకపోతే విప్పి మళ్లీ కట్టారు. ఇంకోచోట కనిపించిన ఉపాయాన్ని తన సమస్యకు అతికించుకున్నారు. ఇంజనీరింగు అంటే ఇదే. ఇందులో హైస్కూలు పిల్లలు నేర్చుకోలేనిది ఏముంది? బడిలో నేర్పి ఉంటే ఆ ఏడేళ్లలో కొన్నేళ్లయినా ఆయనకు కలిసి వచ్చేవేమో!

అసలు బడిలో ఎలా నేర్పాలి అంటారా? మన ఇళ్లలో రోజూ జరిగే సంగతే ఒకటి తీసుకుందాం. మోటారు వేసి వంటింట్లోకి వెళ్తాం. పోపు వేగుతుంటుంది, టీవీ మోగుతుంటుంది. మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పోతుంటాయి. ఎదురింటావిడ కేకేస్తే తప్ప మనకు తెలియదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ సమస్య ఇచ్చి, “దీని సంగతి తేల్చండి” అనాలి. పాఠం చెప్పేసి ప్రయోగం చూపించడం కాదు. సమస్య ముందు, పాఠం తర్వాత.

మొదటి పని కొలవడం. పొంగే గొట్టం కింద 15 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడమనండి. అర నిమిషంలో బకెట్ నిండితే, పది నిమిషాలు మరిచిపోయామంటే 300 లీటర్లు పోయినట్టే. ఎండాకాలంలో బిందె నీళ్ల కోసం క్యూలో నిలబడ్డ ఇంటి పిల్లకి ఆ అంకె విలువ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో పని, వాడేవాళ్లను అడగడం. మోటారు ఎవరు కడుతున్నారు? ఆ సమయంలో వాళ్లు ఎక్కడుంటారు? వంటింట్లోకి వినపడాలంటే గంట ఎక్కడ పెట్టాలి? చెవులు సరిగా వినపడని మామ్మగారు ఒక్కరే ఉంటే గంట సరిపోతుందా, దీపం కూడా వెలగాలా? సగం ఇంజనీరింగు ఇక్కడే ఉంది. ఎవరి కోసం చేస్తున్నామో తెలియకుండా చేసిన వస్తువు ఎంత గొప్పదైనా అటకెక్కుతుంది.

ఆ తర్వాత చెయ్యడం. నీళ్లలో కరెంటు పారుతుందని పుస్తకంలో చదివారు కాబట్టి, పిల్లలు ముందు తట్టే ఉపాయమే చేస్తారు. ఒక చిన్న బ్యాటరీ, ఒక బజరు, రెండు తీగలు. తీగల కొసలు నీళ్లలో ముంచుతారు. చాలాసార్లు బజరు మోగదు! మోగినా కీచుమని అంతలోనే చప్పబడుతుంది. మాస్టారు కంగారుపడి జవాబు చెప్పేయకూడదు. “ఎందుకు మోగలేదంటావ్?” అని అడిగి ఊరుకోవాలి. నీళ్ల గుండా కరెంటు పారుతుంది గానీ చాలా కొద్దిగా పారుతుందని అప్పుడు తెలుస్తుంది. ఆ కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును ఆడించే ట్రాన్సిస్టర్ ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమవుతుంది. కొన్ని రూపాయలకు దొరికే ఆ మూడు కాళ్ల ముక్క వాళ్ల దృష్టిలో ఒక్కసారిగా బంగారమైపోతుంది.

ట్రాన్సిస్టర్ పెట్టాక మోగింది. కొన్ని వారాలకు తీగల కొసలకు పాచిలా ఏదో పట్టి మళ్లీ మూగబోయింది. ఇదేంటి? నీళ్లలోని లవణాలు, తీగ మీద జరిగే రసాయన చర్య. కెమిస్ట్రీ పాఠం పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఈలోగా వెనక బెంచీ అమ్మాయి ఒకతి, “తీగలు నీళ్లలో ముంచడమెందుకు సార్? ఖాళీ సీసా తేల్చి, అది పైకి లేచినప్పుడు స్విచ్చి నొక్కేలా చేస్తే?” అంటుంది. ఇక తేలడం, మీట, బరువు అన్నీ ఒక్కొక్కటిగా దిగుతాయి. ఒక్క ట్యాంకుతో మూడు సబ్జెక్టులు. పైగా ఈ పాఠం మరిచిపోమన్నా మరిచిపోరు.

ఇలాంటి చదువులో మార్కుల కన్నా విలువైనది ఇంకొకటుంది. తప్పు చేస్తే సిగ్గుపడక్కర్లేదని పిల్లలకు తెలుస్తుంది. మన పరీక్షల్లో తప్పు జవాబుకు ఎర్ర సిరా గుర్తు. ఇక్కడ మోగని బజరే తర్వాతి మెట్టు. ఒక్క ర్యాంకు తగ్గిందని మన పిల్లలు ఎంత కుంగిపోతున్నారో, కొన్ని ఇళ్లలో అది ఎంతదాకా వెళ్తోందో తల్లులమైన మనకు వేరే చెప్పాలా? పది సార్లు చెడిన పనిని పదకొండోసారి నిలబెట్టిన పిల్లకి, ఓడిపోతే మళ్లీ మొదలుపెట్టవచ్చని ఒళ్లే చెబుతుంది. ఉపన్యాసాలతో ఆ ధైర్యం రాదు.

“వీటన్నిటికీ బోలెడు డబ్బు కావాలి కదా” అనే మాట నిజమేనా? 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బడుల్లో ఒక కార్యక్రమం మొదలైంది. పిల్లలు ప్రయోగాలు చేసి సైన్సు నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. అది 2002 దాకా, అంటే 30 ఏళ్లు సాగింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అక్కడికి వెళ్లి, సైకిల్ వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టడం నేర్పారు. నాలుగు పుల్లలతో చదరం చేసి నొక్కితే ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేస్తే ఎంత నొక్కినా కదలదు. గోదావరి రైలు వంతెన మీద ఇనప దూలాలు త్రిభుజాలుగా ఎందుకున్నాయో అగ్గిపుల్లలే చెప్పేస్తాయి. ఖర్చు నాలుగైదు రూపాయలు! ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

1999లో మొదలై, మన చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర కూడా పనిచేస్తున్న అగస్త్య ఫౌండేషన్ వాళ్లు ప్రయోగశాలనే బండిలో పెట్టి ప్రభుత్వ బడుల ముందుకు తీసుకెళ్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల సాయం. దేశంలో 10,000 బడుల్లో ఇవి వచ్చాయి. రాబోయే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు వడ్రంగం, కరెంటు పని, కుండల పని లాంటివి చేత్తో నేర్చుకోవాలనీ, పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా గడపాలనీ చెప్పింది.

కాగితం మీద అంతా బాగుంది. గది ఉంది, త్రీడీ ప్రింటరు ఉంది. కానీ ఆ గదికి తాళం ఎప్పుడు తీస్తున్నారు? ఇన్‌స్పెక్షన్ రోజునా, రోజూనా? లోపలికి వెళ్లే పిల్లల్లో అమ్మాయిలు ఎందరు? ఒకవేళ వెళ్లినా, అబ్బాయిలు తీగలు కలుపుతుంటే అమ్మాయిలు పక్కన కూర్చుని చార్టుకు రంగులు వేస్తున్నారా? ఈ ప్రశ్నలు అడగాల్సింది మనమే. పేరెంట్స్ మీటింగుకు వెళ్లి “మా అమ్మాయికి మార్కులెందుకు తగ్గాయి?” అని అడుగుతాం కదా. ఈసారి “ల్యాబులో మా అమ్మాయి చేత్తో ఏం చేసింది, చూపించండి” అని కూడా అడుగుదాం.

అమ్మాయిల చేతులకు ఈ పని అబ్బదనుకునేవారికి ఒక తెలుగింటి ఆడపడుచు గురించి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు, నాలుగు నెలల పసిపాప ఒళ్లో ఉండగా భర్త పోయారు. ఆ రోజుల్లో వితంతువు బతుకెలా ఉండేదో మన అమ్మమ్మలు కథలుగా చెప్పారు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. కూతుర్ని అదే కాలేజీలో చేర్పించారు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేత్తో పని నేర్చుకుని, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. తండ్రితో కలిసి పొగలేని పొయ్యిల మీద కూడా పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లొచ్చారు. అన్నిటికీ ముందు ఆమె ఇంట్లో “ఆడపిల్లవి, నీకెందుకే” అన్నవాళ్లు లేరు. ఉన్నా ఆ తండ్రి వినలేదు.

మనమేం చెయ్యగలం? పెద్ద పెద్ద పనులేం అక్కర్లేదు. ఇంట్లో ఒక అట్టపెట్టె పెట్టండి. పాడైన టార్చీ, తిరగని బొమ్మకారు, ఖాళీ సీసాలు, తెగిన తీగలు అందులో వెయ్యండి. ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక పట్టకారు కొనిపెట్టండి. బొమ్మకారుకయ్యే ఖర్చు కూడా కాదు. విప్పనివ్వండి. మళ్లీ బిగించలేకపోయినా ఫర్వాలేదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. పిల్లలు ఆడుకునేది బ్యాటరీ సెల్లుతోనే. గోడ ప్లగ్గు జోలికి వెళ్లకూడదు. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీ ముట్టుకోకూడదు. పాత టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా వాటిలో షాకు దాగుంటుంది. కోసేటప్పుడు, టంకం పెట్టేటప్పుడు పెద్దవాళ్లు దగ్గరుండాలి, కళ్లకు అద్దాలుండాలి.

ఇంకో పని కూడా ఉంది. నా ఉద్దేశంలో అదే అసలైనది. మీ ఇబ్బందుల్ని పిల్లలకు చెప్పండి. మనకు మూలగకుండా పనిచేయడం అలవాటు. నడుం వంగి గిన్నెలు తోముతాం. ఎత్తు సరిపోని గట్టు మీద చపాతీలు వత్తుతాం. బరువైన గ్యాసు బండ ఈడుస్తాం. తడిబట్టల బకెట్ మేడ మీదికి మోస్తాం. ‘ఇంతే’ అనుకుని ఊరుకుంటాం. ఇవన్నీ ఎవరూ పట్టించుకోని సమస్యలు. “ఈ బకెట్ మోయలేకపోతున్నా, ఏదైనా ఉపాయం చెప్పవే” అని ఒక్కసారి అడిగి చూడండి. తల్లి భుజం నొప్పి చూసే కదా శారాజీపేటలో ఒక యంత్రం పుట్టింది! మన నొప్పి దాచుకుంటే, పిల్లలకు ఒక పాఠం దాచిపెట్టినట్టే.

పదో తరగతి పరీక్షలున్నాయంటారు. నిజమే. అందుకే వారానికి రెండు గంటలే అడుగుతున్నాను. ఆదివారం సాయంత్రం రెండు గంటలు చేతులకివ్వండి. ఆ రెండు గంటలకే ర్యాంకు చేజారిపోదు. ఫిజిక్సు పాఠం చేత్తో తాకిన పిల్ల పుస్తకంలో దాన్ని మరింత ఇష్టంగా చదువుతుంది కూడా.

మొన్న మా అమ్మాయి హాస్టలుకు బయల్దేరేముందు మిక్సీ బోర్లించి చాలాసేపు చూసింది. “అమ్మా, ఈ ఎర్ర బటన్‌కి మోటారు వేడెక్కిందని ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. నాకు తెలియదన్నాను. పిన్నిగార్నడిగితే ఆవిడకీ తెలియదన్నారు. “సరే, నేనే కనుక్కుంటా” అంది. ఎనిమిదేళ్ల కిందట చెత్తబుట్టలో పారేసిన గడియారం ముక్కలు నాకు మళ్లీ దొరకవు. కానీ అది సంచీ సర్దుకుంటుంటే, ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరు తీసి బట్టల మధ్య పెట్టాను. చూసి నవ్వింది గానీ, తీసి పక్కన పెట్టలేదు.

మీ ఇంట్లో స్క్రూడ్రైవరు ఎవరి చేతిలో ఉంది? ఈ ఆదివారం ఒకసారి చూసుకోండి.